నేను రుద్దనన్న కాలు

ఫిజియోథెరపీ అనే మాటకు మా మదనపల్లె చుట్టుపక్కల ఎవరికీ నోరు తిరగదు. మా మిషన్ ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగి "రుద్దే మేడమ్ యాడుంటాది?" అని అడుగుతారు. వాచ్‌మన్ వరండా చివరి గది చూపిస్తాడు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండేది. నాలుగేళ్లు చదివింది ఈ మాట పడటానికా అనుకునేదాన్ని. తర్వాత తర్వాత నేనే ఫోనెత్తి "రుద్దే మేడమ్‌నే మాట్లాడేది, చెప్పండి" అనడం మొదలుపెట్టాను.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి మేడమ్" అంటారు. మంచాన పడిన మనిషిని నా చేతులతో లేపి నడిపించిన కథ ఏదైనా చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి ఉన్నాయి, కాదనను. కానీ నేను చెప్పేది ఒక కాలి గురించి. ఆ కాలి మీద చెయ్యి వేయనని నేను మొండికేశాను. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన మంచి పని ఏదంటే అదే చెబుతాను.

ముందు మా వాళ్ల నమ్మకం గురించి కాస్త చెప్పాలి. ఎంత నొప్పి పుడితే అంత మందు అని ఇక్కడ అందరి లెక్క. కళ్లలో నీళ్లు తిరగకపోతే వచ్చింది దండగ అనుకుంటారు. నా కింద అసిస్టెంటుగా రామసముద్రం మనిషి ఒకతను ఉండేవాడు. మనసు వెన్న, చేతులు రోకళ్లు. అతను పట్టాడంటే పక్క వార్డుకు కేక వినపడేది. నేను ఖాళీగా ఉన్నా జనం అతని బల్ల దగ్గరే వరస కట్టేవాళ్లు. "మేడమ్ రుద్దితే నిద్రొస్తాదప్పా, ఈయప్ప రుద్దితే నొప్పే పారిపోతాది" అని నా ఎదురుగానే అనేవాళ్లు. నొప్పి పారిపోవడం కాదు, అతని చెయ్యి తీసేశాక కలిగే సుఖం అది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు.

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే మా గదికి కొత్త రకం పేషెంట్లు వచ్చేవాళ్లు. పక్షవాతం తాతలు, మోకాళ్ల నొప్పుల అవ్వల మధ్య పరుగుకు ప్రాక్టీసు చేసే వయసు పిల్లలు కుంటుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లందరినీ పంపేది ఒక్కడే మనిషి. పుంగనూరు దగ్గర ఊరాయన, మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చాడు. తంబళ్లపల్లె, పెద్దమండ్యం వైపు ఊళ్ల నుంచి వచ్చిన పేదపిల్లలను చేర్చుకుని రోజూ తెల్లవారి మదనపల్లె గ్రౌండులో పరుగెత్తించేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. అంత మంచివాడు. ఆ మంచితనానికి తగ్గ మొండితనం కూడా ఉండేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

వచ్చిన పిల్లలే మళ్లీ మళ్లీ వస్తుంటే నాకు విసుగు పుట్టింది. పిక్కలు పట్టేసి ఒకడు, మడమ నొప్పితో ఒకడు, తొడ వెనక నరం లాగి ఇంకొకడు. వీళ్లంతా చేతులు కాలాక ఆకులు పట్టుకునే బాపతే. కాలకముందే పట్టిద్దామని నూనె సీసా పట్టుకుని నేనే గ్రౌండుకు వెళ్లడం మొదలుపెట్టాను. పరుగు ఆగాక చతికిలబడకుండా రెండు రౌండ్లు మెల్లగా నడవమన్నాను. తర్వాత వరసగా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి కాంపౌండు గోడకు ఆనించమన్నాను. ఒకరి పిక్కలు ఒకరు పట్టుకునే పద్ధతి నేర్పాను. చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి వైపు, కింది నుంచి పైకి, చపాతీ పిండి పిసికినంత మెత్తగా. ఎముక మీద వేలు పెట్టకూడదు. కేక వినపడిందంటే తప్పు చేస్తున్నారని అర్థం.

మగపిల్లలు సిగ్గుతో కిలకిలా నవ్వారు. సుబేదారు మాత్రం నవ్వలేదు.

"మేడమ్, బార్డర్‌లో మాకెవురు పట్టినారు పిక్కలు?" అన్నాడు.

"అందుకే గదా సార్, మీరు మెట్లు దిగేటప్పుడు రెండు చేతులా గోడ పట్టుకుంటున్నారు" అన్నాను.

పిల్లలు ఈసారి గట్టిగా నవ్వారు. ఆయన విజిల్ ఊదేశాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. కుదిరినట్టే కుదిరి, ఒక్క మాట దగ్గర చెడింది.

ఆయన పిల్లలను వారంలో ఏడు రోజులూ పరుగెత్తించేవాడు. ఆదివారమైతే ఇంకా ఎక్కువ, పుంగనూరు రోడ్డు పట్టుకుని పోయేవాళ్లు. కండ పరుగెత్తేటప్పుడు గట్టిపడదు, పరుగెత్తాక పడుకున్నప్పుడు గట్టిపడుతుంది. ఈ సంగతి నేను నమ్మకంగా చెప్పగలను, ఎన్ని కాళ్లు పట్టానో నాకే తెలియదు కాబట్టి. అందుకని వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు ఇమ్మన్నాను. ఏ రోజు అని అడిగాడు. ఆదివారం పెట్టుకోండి, నాకూ ఆ రోజు చర్చి ఉంటుంది, గ్రౌండుకు రాలేను అని ఉన్నమాట అన్నాను. ఏం తప్పు మాట అన్నానో మర్నాడు గానీ నాకు తెలియలేదు.

మర్నాడు ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీరు మంచోళ్లు. మీ ఆసుపత్రి మంచిది. మా యమ్మ నన్ను కనింది ఆడనే. అయితే ఆదివారం సంగతి మాత్రం ఎత్తొద్దండి."

"యాల సార్?"

"మీ దేవుడు ఆరు దినాలు పని జేసి ఏడో దినం రెస్టు తీసుకున్న్యాడంట. తీసుకోనీండి. ఆయనకు సెలక్షను ల్యాకపాయె. మా పిల్లోళ్లకు ఉండాది."

కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. నవ్వడం ఆయనకు నచ్చలేదు. మాట అక్కడ ఆగలేదు కూడా. హాస్పిటలమ్మ నూనె రాసి పిల్లోళ్లను చర్చికి తోలుకుపోతాండాదని ఎవరో ఊళ్లలో అనేశారు. పెద్దమండ్యం నుంచి ఒక తల్లి బస్సెక్కి వచ్చి, కొడుకు కాళ్లు వాసన చూసి, "ఇది కొబ్బరినూనేనా అమ్మా, ఇంగేమన్నా కలిపిండారా?" అని అడిగింది. సీసా చేతికిచ్చి తలకు రాసుకోమన్నాను. ఆవిడ రాసుకుని వెళ్లింది గానీ నా మాట మాత్రం మూలపడింది. సెలవన్నది మతం వ్యవహారం అయిపోయింది, ఏడు రోజుల పరుగు అలాగే సాగింది.

ఆ గుంపులో తంబళ్లపల్లె పక్క ఊరి అమ్మాయి ఒకతె ఉండేది. చెనిక్కాయలు, అంటే వేరుశనగ, వేసుకుని, నాలుగు జీవాలు మేపుకునే ఇల్లు. మదనపల్లెలో ఒక బట్టల షాపులో పని చేస్తూ, ఇంకో ఇద్దరమ్మాయిలతో గదిలో ఉండేది. తెల్లారి పరుగు, పొద్దంతా షాపులో కాళ్ల మీద నిలబడటం. ఆమె చిన్నప్పుడు ఒకసారి వాళ్ల దొడ్లో నుంచి గొర్రెలను దొంగలు తోలుకుపోయారట. స్టేషన్‌కు పోతే ఒక ఆడ కానిస్టేబులు వాళ్లమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పిందంతా విని రాసుకుందట. గొర్రెలు దొరకలేదు. "దొరక్కపాయినా మా యమ్మ ఆ దినం అన్నం తినిందమ్మా" అని నాతో చెప్పింది. అలాంటి కానిస్టేబులు కావాలని ఆమె కోరిక. ఒకసారి రాత పరీక్షలో పోయింది, ఇంకోసారి నోటిఫికేషనే లేటయింది. ఈసారి రాతలో నెగ్గింది. పరుగు మిగిలింది. ఇది తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ దరఖాస్తు పెట్టే హక్కే ఉండదు.

గుంపులో ఆడపిల్లల్లో అందరికంటే ముందు ఉరికేది ఆమే. అబద్ధంలోనూ ఆమే ముందు. "నొస్తాండాదా?" అంటే "ల్యా" అని ఎంత తేలిగ్గా చెప్పేదంటే, అడిగినందుకు మనమే సిగ్గుపడాలి.

ఒక ఆదివారం పుంగనూరు రోడ్డు పరుగు అయ్యాక మర్నాడు నా గదికి వచ్చింది. కుడికాలు మోకాలి కింద, లోపలి పక్క నొప్పి. నొప్పి ఎంత మేర ఉందో చూపించమన్నాను. జానెడు మేర చెయ్యి ఆడించింది. జానెడు నొప్పికి నేను భయపడను. ఎముకను అంటుకున్న కండ అలసిపోయి చేసే గోల అది. పిక్క మెత్తగా పట్టి, ఐసు పెట్టి, నాలుగు రోజులు పరుగు తగ్గించమన్నాను. తగ్గిస్తానంది. తగ్గించలేదు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కడ అంటే చెయ్యి ఆడించలేదు, వేలు పెట్టింది. ఒక్క వేలు, ఒక్కచోట, ఎముక అంచున. అక్కడ నేను బొటనవేలితో తాకానో లేదో ఆమె బల్ల మీద ఎగిరిపడింది. ఒంటికాలి మీద గెంతమన్నాను. గెంతలేకపోయింది. పడుకున్నప్పుడు కూడా సలుపుతుందా అంటే ఈసారి తల ఊపింది. పిల్లలూ, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. జానెడు నొప్పి కండది, వేలెడు నొప్పి ఎముకది. ఎముకలో వెంట్రుకంత చీలిక మొదలైతే అది పరుగు మీద పరుగు పడి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. దాన్ని రుద్దడమంటే గోరుచుట్టు మీద రోకటి పోటే.

ఎక్స్‌రే తీయించాను. ఫిల్ములో ఏమీ లేదు, ఎముక తెల్లగా నున్నగా ఉంది. మా ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, నా ముఖం చూశారు.

"ఇంత తొందరగా ఎక్స్‌రేలో పడదు. మీ వేలు ఏం చెబుతోంది?"

"ఎముకే డాక్టర్."

"అయితే పరుగు ఆపించండి. కొన్ని వారాలు" అన్నారు. ఆయన అంతకుమించి మాట్లాడే మనిషి కాదు. నాకూ అంతకుమించి అక్కర్లేదు.

ఆమెకు మాత్రం "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నదొక్కటే వినపడింది. సుబేదారుకూ అంతే. కుప్పంలో ఇంకో కోచింగు గుంపుతో కలిసి ప్రాక్టీసు మీట్ పెట్టుకున్నాడాయన. అచ్చం సెలక్షను మాదిరిగానే జరుగుతుందట. అందులో తన గుంపు తరఫున ఈ అమ్మాయిని ముందు నిలబెట్టాలని ఆయన పట్టుదల.

"రుద్దండమ్మా, గట్టిగా రుద్దండి" అని బల్లెక్కి కూర్చుంది ఆ అమ్మాయి. "కుప్పం పోయొచ్చినాంక మీరు సెప్పినట్లే ఇంటా."

"రుద్దను."

"ఎందుకమ్మా?"

"రుద్దితే ఒక గంట నొప్పి తెలీదు. ఆ గంటలో నువ్వు పోయి ఉరుకుతావు. నొప్పి నీకు కాపలా కుక్క తల్లీ. దాన్ని నేను నిద్రపుచ్చను."

"ఈసారి పోతే నాకింగ పోలీసనే మాటే ల్యా. మీకేం తెలుసు!" అని ఏడ్చేసింది. నిజమే. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి అంటారు. నా ఉద్యోగం నాకుంది, నా జీతం నాకుంది, ఒక పిల్ల ఆఖరి అవకాశం మీద కూర్చుని నేను వద్దు అంటున్నాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా ఒక్క క్షణం కూడా నా వేలిని నేను అనుమానించలేదు. పరుగు ఆపితే ఆ పిల్లకు సగం అవకాశమైనా మిగులుతుంది, ఆపకపోతే ఏమీ మిగలదని నాకు ఖాయంగా తెలుసు.

రెండు రోజుల తర్వాత గ్రౌండుకు వెళితే అమ్మాయి కుంటకుండా ఉరుకుతోంది. దగ్గరకు పిలిచి చూశాను. ఎముక అంచున కమిలిన మచ్చ, దాని మీద మా గది నూనె వాసన. నేరుగా వచ్చి మా అసిస్టెంటు ముందు నిలబడ్డాను. అతను దాచలేదు.

"బిడ్డ నా కాళ్లు పట్టుకుని ఏడిసింది మేడమ్. నా కూతురు వయసు. ఏం జేయమంటారు?"

"నువ్వూ ఏడవాల్సింది. రుద్దకూడదు" అన్నాను.

అంత కోపంలోనూ అతన్ని తిట్టలేకపోయాను. ఎముక సంగతి చెప్పి, బొమ్మ గీసి, చీలిక ఎక్కడుందో చూపించాను. మనిషి బల్ల అంచున కూర్చుండిపోయి తన చేతులు తాను చూసుకున్నాడు. తర్వాత ఆమె మళ్లీ వచ్చి అడిగినా అతను గది తలుపు తీయలేదు.

అమ్మాయి వినదు, సుబేదారు వినడు. మిగిలింది ఆమె తండ్రి. సోమవారం సెలవు పెట్టి తంబళ్లపల్లె బస్సెక్కాను.

ఊరి బయట రోడ్డు మీద దిగేసరికి ముందు రెండు రోజులు పడిన వానకు నేల మంచి పదును మీద ఉంది. చెనిక్కాయ చేలల్లో కలుపు తీయడానికి అదే అదను. పక్క చేలల్లో ట్రాక్టర్లు అరుస్తున్నాయి. ఆ ఇంటి ముందు మాత్రం రెండెడ్లు నీడన పడుకుని నెమరేస్తున్నాయి. పందిరి కింద మంచం మీద నాకంటే ముందే వచ్చి సుబేదారు కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన బుల్లెట్ బండి. అమ్మాయిని కుప్పం తీసుకుపోతే ఒక రాత్రి అక్కడే ఉండాలి కాబట్టి తండ్రి అనుమతికి వచ్చాడట. అమ్మాయి కూడా షాపుకు సెలవు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూడగానే లోపలికి వెళ్లిపోయింది.

తండ్రి లేచి నాకు కుర్చీ వేశాడు. తల్లి మజ్జిగ తెచ్చిచ్చింది. నేను సంగతంతా చెప్పాను. సుబేదారు తన సంగతి చెప్పాడు. ఆ పెద్దమనిషి ఇద్దరివైపూ చూసి, "నాకేం తెలుస్తాదమ్మా? సారేమో ఉరకమంటాడు, మీరేమో ఉరకొద్దంటారు. ఎక్స్‌రేలో ఏమీ ల్యాదంటనే?" అన్నాడు.

తలతిప్పి ఎడ్లవైపు చూశాను. ఏదో ఒకటి అనాలని అడిగాను.

"ఏమప్పా, ఇంత పదునుంటే గుంటక తోలకుండా ఎడ్లను కట్టేసినావే?"

"ఈ పొద్దు సోమారం గదమ్మా" అన్నాడు, ఇదీ తెలియదా అన్నట్టు.

"అయితే?"

"సోమారం కాడి కట్టం. బసవన్న దినం."

"రేపటికి పదును ఆరిపోతే?"

"ఆరితే ఆరనీ. వారమంతా దున్నినాయి. ఒకదినం పండుకోకుంటే రేపు లెయ్యొద్దా అవి? మా తాతకాలం నుంచి ఇంతే. ఎంత అదనైనా సోమారం కాడి ముట్టం."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "ఎద్దుకు వారానికొక దినం ఇచ్చినారు. నీ బిడ్డ కాళ్లకు ఎన్నాళ్ల నుంచి ఒక్క దినమన్నా ఇచ్చినారాప్పా? వారంలో ఏడు దినాలూ ఉరుకుతాంది. పొద్దంతా షాపులో నిలబడుతాంది. నీ ఎద్దు కుంటితే, ఎక్స్‌రేలో ఏమీ లేదని కాడి కడతావా?"

ఎద్దు ఒకటి చెవులాడించింది. తండ్రి లోపలికి చూసి పిలిచాడు. "ఇట్ల రామ్మా. నొస్తాండాదా?"

అమ్మాయి వచ్చి తల వంచుకుని నిలబడింది. నాతో చెప్పినంత సులువుగా ఆయనతో ల్యా అనలేకపోయింది. "పండుకున్నప్పుడు గూడా నొస్తాండాది నాయనా" అంది. అని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. తండ్రి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

సుబేదారు పుట్టుకా రైతు ఇంటిదే. "మా నాయన గూడా సోమారం కాడి కట్టేవాడు కాడు" అన్నాడు మెల్లగా. తర్వాత నావైపు తిరిగాడు. "సరే మేడమ్. గ్రౌండు సోమారం బందు. అందురికీ. ఆదివారమని మాత్రం మీరు ఇంగ అనొద్దు."

"మీ ఇష్టం సార్. సోమవారమైనా, శుక్రవారమైనా కండకు తేడా తెలీదు."

"ఈ పాపకు ఎన్ని సోమారాలు గావాలో మీరే సెప్పండి."

అలా కుప్పం మీట్‌కు ఆ అమ్మాయి లేకుండా పోయారు. ఓడిపోయి వచ్చారు. సుబేదారు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అది ఆయన హక్కు, నేనేమీ అనుకోలేదు.

పరుగు ఆపితే దమ్ము తగ్గిపోతుందని అమ్మాయికి బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. ఆ ఏడాది వానలు నిలిచి కురవడంతో వాళ్ల చేనిలో ఎన్నాళ్లుగానో ఎండిపోయిన పాత దిగుడుబావిలో నీళ్లు చేరాయి. షాపుకు కొన్ని వారాలు సెలవు పెట్టించి, ట్రాక్టరు ట్యూబును నడుముకు తాడుతో కట్టి అమ్మాయిని బావిలోకి దింపించాను. నీళ్లలో నిలువుగా తేలుతూ, కాళ్లు అడుగుకు తగలకుండా, రోడ్డు మీద ఉరికినట్టే చేతులూ కాళ్లూ ఆడించాలి. ఎముక మీద బరువు పడదు, గుండెకు మాత్రం పని తప్పదు. ఊరంతా వచ్చి బావి గట్టున నిలబడి చూసింది. "ఉరికి ఉరికి ఈ పిల్ల యాడికి పోతాందిరా?" అని ఒక ముసలాయన అడిగాడు. ఎవరో "పోలీస్ స్టేషన్‌కు" అన్నారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు, మా అమ్మాయి నీళ్లలోనే పరుగెత్తింది. సుబేదారు కోపం తీరాక తనే వచ్చి బావి మెట్టు మీద కూర్చుని విజిల్ ఊదాడు. బావిలో ఆ విజిల్ మోతకు పావురాలన్నీ లేచిపోయేవట.

ఎముక మీద వేలు పెట్టినా ఆమె ఎగిరిపడని రోజు వచ్చాక, మళ్లీ మదనపల్లెకు రప్పించి నడక మొదలుపెట్టించాను. తర్వాత గడ్డి మీద మెల్లని పరుగు. మునివేళ్ల మీద లేచి దిగుతూ పిక్క గట్టి చేసుకోవడం నేర్పించాను. అప్పుడు మాత్రం రోజూ పిక్కలు పట్టాను, నేనూ, మా రామసముద్రం అతనూ. అతని చేతులు అంత మెత్తగా కూడా ఆడగలవని నాకు అప్పుడే తెలిసింది. ఇంటి దగ్గర వాళ్లమ్మకూ నేర్పాను. షాపులో మధ్యమధ్యలో ఒక స్టూలు మీద కూర్చోనివ్వమని యజమానికి నేనే వెళ్లి చెప్పాను. గుంపులో మిగతా పిల్లలకు సోమవారం సెలవు వచ్చాక నా గదిలో వాళ్ల బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి. అది చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

సెలక్షను రోజు నేను గ్రౌండు లోపలే ఉన్నాను, కానీ ఆమె మనిషిగా కాదు. మెడికల్ టెంటుకు మా ఆసుపత్రి నుంచి నన్ను పంపారు. అభ్యర్థులతో మాట్లాడకూడదు. సుబేదారూ, తండ్రీ గేటు బయట జనంలో నిలబడ్డారు. ఆడపిల్లల బ్యాచీలు ఒకదాని తర్వాత ఒకటి వదులుతున్నారు. మా అమ్మాయి ఛాతీ మీద నంబరు కట్టుకుని గీత దగ్గర నిలబడింది. నన్ను చూసి కూడా చూడనట్టు ఉంది. విజిల్ పడింది. మొదటి రౌండులో మధ్యలో ఉంది, తొందరపడలేదు. రెండో రౌండులో ఒక్కొక్కరినీ దాటడం మొదలుపెట్టింది. నేను టెంటు గుంజ పట్టుకుని నిలబడ్డాను.

ఆఖరి రౌండులో ఆమెకు కాస్త ముందు ఉరుకుతున్న ఒక పిల్ల సరిగ్గా మా టెంటు ఎదురుగా కూలిపోయింది. కాలు మెలికపడి పడింది కాదు. ఉరుకుతున్న కాలే కింద నుంచి పోయింది. పుటుక్కుమన్న శబ్దం నాకు వినపడింది. మా అమ్మాయి ఆ పిల్ల పక్క నుంచి వెళుతూ ఒక్క క్షణం తల తిప్పింది. "ఉరుకు!" అని అరిచాను. అరవకూడదని నాకు తెలుసు. అరిచి, ఆ పడిన పిల్ల దగ్గరకు ఉరికాను.

మోకాలి కింద, లోపలి పక్క. ఎక్కడ పట్టుకోవాలో నా చేతులకు అడగకుండానే తెలిసింది. కట్టు వేస్తుంటే ఆ పిల్ల నా చీర కొంగు పట్టుకుని "ఇంక ఈ ఒక్క రౌండే గదా మేడమ్, లేపండి, పాకి అయినా పోతా" అంటూనే ఉంది. చాలా రోజుల నుంచి నొప్పి ఉండేదా అని అడిగాను. "ఉండేది. రోజూ గట్టిగా రుద్దించుకుంటాండా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అన్నేళ్ల సర్వీసులో పేషెంటు ముందు నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

మా అమ్మాయి ఎలా పరుగు ముగించిందో నేను చూడనే లేదు. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు వెనక నుంచి వచ్చి నిలబడింది, చెమటతో, రొప్పుతూ, తన రెండు కాళ్ల మీద. నేను తలెత్తి చూశాను. అయిపోయిందన్నట్టు తల ఊపింది, క్వాలిఫై అయ్యానన్నట్టు బొటనవేలు చూపించబోయి, స్ట్రెచర్ మీద పిల్లను చూసి చెయ్యి దించేసుకుంది. "మీరు ఈ పాపను సూసుకోండమ్మా" అని మాత్రం అంది.

గేటు బయట నుంచి ఆంబులెన్సు లోపలికి రావడం చూసి సుబేదారు అది మా పిల్ల కోసమే అనుకున్నాడట. బారికేడు మీద నుంచి దూకి, పోలీసులు ఆపుతున్నా ఆంబులెన్సు వెనకే పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఆ మోకాళ్లతో. మా అమ్మాయి ఎదురుగా నడిచి వస్తుంటే ఆమె కాళ్లను చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగిపోయాడు.

నేను ఆంబులెన్సు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన నా దగ్గరకు వచ్చి లోపల పడుకున్న పిల్లను చూశాడు.

"ఏ వూరు బిడ్డ మేడమ్?"

"తెలీదు సార్."

"ఎవురు కోచింగిస్తాండారంట ఈమెకు?"

"ఎవరో సార్. బయట ఉంటారేమో."

ఆయన ఆ పిల్ల తల దగ్గర కూర్చోవడానికి ఆంబులెన్సు ఎక్కాడు. తలుపు మూసేముందు నాతో అన్నాడు. "వాళ్ల సారును ఎతకండి మేడమ్. దొరికితే నా దగ్గరికి పంపీండి. ఆయప్పతో సోమారం సంగతి నేను మాట్లాడాల."